నత్త వాయించిన పాట

ఆస్ట్రేలియాలోని ఉక్కు ఊరు పోర్ట్ కెంబ్లాలో ఒక మనిషికి మారుపేరు పడిందంటే అది శిలాశాసనమే. ఎర్రజుట్టువాణ్ణి నీలయ్య అంటారు, ఆరడుగుల మనిషిని బుల్లోడంటారు. వద్దు మొర్రో అని మొత్తుకుంటే ఆ పేరే ఇంకాస్త గట్టిగా అతుక్కుంటుంది. మా కెల్విన్ టియర్నీని ఊరంతా 'నత్త' అంటుంది. మిగతావాళ్ళ పేర్లు తిరగేసి పెట్టినవి కాబట్టి వాటిలో వేళాకోళమే తప్ప విషం లేదు. కెల్ పేరు మాత్రం ఉన్నదున్నట్టు పెట్టింది. అదీ అతని బాధ.

ఇది పంక్ సంగీతం కొత్తగా వచ్చిన రోజుల్లో మొదలైన కథ. అప్పట్లో ఊళ్ళో ఏ కారు షెడ్డు తలుపు తీసినా ముగ్గురు కుర్రాళ్ళు, ఒక గిటారు, బోలెడంత కోపం కనిపించేవి. మన కథలోని ముగ్గురిలో గిటారు పట్టుకుని పాడేవాడు డాలస్ హార్కిన్. బేస్ గిటారు వాయించేది వెస్నా, మాసిడోనియా నుంచి వచ్చి స్టీల్ వర్క్స్‌లో కుదురుకున్న కుటుంబంలో పిల్ల. డ్రమ్స్ కెల్. బ్యాండు పేరు 'లంచ్ టిన్స్'. కోపం వీళ్ళకీ తక్కువేం కాదు కానీ, నోరు తెరిస్తే ఆ కోపం కూడా రాగంగా వచ్చేది. నల్లతోలు కోట్ల పంక్ కుర్రాళ్ళకేమో ఆ పాటల్లో తీపెక్కువ. క్లబ్బుల్లో డాన్సు చేసే పెద్దవాళ్ళకేమో కారమెక్కువ. రెంటికీ చెడ్డ రేవడి అయ్యారు పాపం. అయినా శనివారం సాయంత్రాలు వాళ్ళు వాయిస్తుంటే కాళ్ళు ఆగేవి కావని, విన్నవాళ్ళు ఈనాటికీ ఒప్పుకుంటారు.

వాళ్ళు చేసింది ఒకే ఒక్క రికార్డు. 'కిటికీ పక్క సీటు' అని పాట. రోజూ షిఫ్టు బస్సులో కిటికీ పక్కనే కూర్చునే ఒక అమ్మాయి గురించి డాలస్ రాశాడు. ఆ అమ్మాయి ఎవరో ఊరందరికీ తెలుసు, వెస్నాకి తప్ప. చిత్రమేమిటంటే చరణం చివర పల్లవి ఎత్తుకుని పాడేది వెస్నానే. స్టూడియోకి పోయే తాహతు లేక, వర్క్స్ ప్రహరీని ఆనుకుని ఉన్న స్కౌట్ల హాల్లో, అరువు తెచ్చిన టేపు మెషీన్ మీద పాట పట్టారు. ఆ టేపు సిడ్నీకి పంపిస్తే అక్కడెవరో రికార్డుగా అచ్చుపోసి అట్టపెట్టెలో పంపారు.

పెట్టె వచ్చినరోజు పబ్బులో ఊరంతా చేరింది. సూది పెట్టారు. వేదిక మీద లేడిపిల్లలా పరిగెత్తే పాట, ఎత్తు ఎక్కుతున్న ఎద్దుబండిలా ఈడ్చుకుంటూ బయటికొచ్చింది. రెండో చరణం రాకముందే వెనక నుంచి ఎవడో ఆవులా 'అంబా' అన్నాడు. డాలస్ ముఖం కందగడ్డయింది. విసురుగా సూది లేపేసి, "తప్పు నాదేనయ్యా. నత్త చేతికి కర్రలిచ్చాను!" అన్నాడు.

పబ్బు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. కెల్ కూడా నవ్వాడు. ఆ ఊళ్ళో నీ మీద జోకుకి నువ్వు నవ్వకపోవడం కంటే పెద్ద నేరం లేదు. ఆ మరుసటి వారం డ్రమ్స్ అమ్మేశాడు. మళ్ళీ ఇంకెప్పుడూ కర్రలు పట్టుకోలేదు. తర్వాత బ్యాండూ ఎక్కువ కాలం నిలవలేదు.

ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. ఊరికది నవ్వు, కెల్‌కి పుండు. పైగా అతను ఆ మాట నమ్మాడు కూడా. పాట పట్టిన రోజున చేతులు చెమటలు పట్టిన సంగతి తనకు గుర్తే. భయపడి ఉంటాను, చెయ్యి నెమ్మదించి ఉంటుంది అనుకున్నాడు. నలభై ఏళ్ళు అలాగే అనుకున్నాడు. ఈలోగా డాలస్, వెస్నా పెళ్ళి చేసుకున్నారు, ఒక కూతురు పుట్టింది, కొన్నేళ్ళ కిందట జబ్బు చేసి వెస్నా పోయింది. కెల్, డాలస్ ఒకే వర్క్స్‌లో పనిచేసి ఒకేసారి రిటైరయ్యారు. శుక్రవారం శుక్రవారం బౌల్స్ క్లబ్బులో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఫుట్‌బాల్ దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా మాట్లాడుకోనిది లేదు, ఆ రికార్డు గురించి తప్ప. ఎవరైనా కదిపితే డాలస్, "నత్తనడుగు" అంటాడు. కెల్ నవ్వుతాడు. చచ్చేలోపు ఒక్కసారి, ఒక్కరైనా, ఆ పాటని పాడుచేసింది నువ్వు కాదురా అంటే చాలని అతని కోరిక. ఎవరికీ చెప్పుకోలేదు. భార్య గ్లెనిస్‌కి చెప్పకుండానే తెలుసు.

అలాంటి ఇంటి తలుపు ఒక శనివారం పొద్దున ఎఫీ కరాలిస్ తట్టింది. ముప్పై ఏళ్ళ పిల్ల, మెల్‌బోర్న్ నుంచి వచ్చింది. జనం మర్చిపోయిన పాత బ్యాండ్లను వెతికిపట్టుకుని, వాళ్ళ పాటల్ని మళ్ళీ కొత్తగా రికార్డులుగా వేయించడం ఆమె పని. చంకలో రికార్డులు పెట్టుకునే సంచీ, చేతిలో చిన్న పెట్టె లాంటి రికార్డు ప్లేయరు.

"మీ పక్కూరు డాప్టోలో పాత సామాన్ల కొట్లో మీ రికార్డు దొరికిందండీ," అంది కుర్చీలో కూర్చుంటూనే. "వందసార్లు విన్నాను. మీ పాటని మళ్ళీ తీసుకొస్తాను, మీరిద్దరూ సరేనంటే."

"డాలస్‌ని అడిగావా?" అన్నాడు కెల్.

"ఫోన్ చేశాను. మిగిలిన పెట్టెని సముద్రంలో గిరాటేసిన చేతులివి, సీగల్ పక్షులు కూడా ముట్టుకోలేదు అన్నారు. తర్వాత ఫోన్ పెట్టేశారు."

"మరి నేనూ అదే అంటానమ్మా. చచ్చిన పాముని ఎందుకు కొట్టడం? ఇన్నాళ్ళూ ఊరే నవ్వింది. ఇప్పుడు దేశమంతా నవ్వాలా?"

"నవ్వడమేంటండీ?" ఎఫీ నిజంగానే తెల్లబోయింది. "కాస్త నెమ్మదే, ఒప్పుకుంటాను. కానీ అంత దిగులు పడుతూనే అంత ఆశపడే పాట నేనింకోటి వినలేదు. మా అమ్మానాన్నా విడిపోయిన ఏడాది నాకు తోడున్నది అదే. అసలు నేనొచ్చింది మీకు థాంక్స్ చెప్పడానికి. మిగతాదంతా ఆ తర్వాత."

ఈ ముక్క కెల్ ఎదురుచూడనిది. సింకు వైపు తిరిగి, శుభ్రంగా ఉన్న పళ్ళేల్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

"ఆయన అలాగే ఉంటాడు, నువ్వు వెయ్యమ్మా," అంది గ్లెనిస్, టీతో పాటు లామింగ్టన్ కేకులు బల్ల మీద పెడుతూ. "నేనూ విని యుగాలైంది."

పాట మొదలైంది. కెల్ పళ్ళేలు కడుగుతూనే ఉన్నాడు. ఆ ఈడ్పు, ఆ బరువు, తన చేతుల తాలూకు సిగ్గు అంతా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. వినకూడదనుకుంటూనే మొత్తం విన్నాడు. పబ్బులో డాలస్ సూది లేపేశాక, కెల్ ఈ రికార్డుని ఆఖరి దాకా వినడం ఇదే మొదటిసారి. గిటారు ఆగిపోయింది. ఆ వెనకాల, సన్నగా, దూరంగా, వర్క్స్ సైరన్ కూత వినిపించింది. హాలు ప్రహరీ పక్కనే కదా. ఆనాడు పాట ముగిసే సరికి షిఫ్టు దిగే వేళ అయి కూత టేపులోకి దూరింది. తీసేద్దామని డాలస్ అంటే, ఉండనీ, అది మన ఊరి గొంతు అని వెస్నా పట్టుబట్టింది.

కెల్ చేతిలో తడి పళ్ళెంతో ఇటు తిరిగాడు. "ఆ చివర మళ్ళీ వెయ్యమ్మా."

ఎఫీ వేసింది.

"అది మా కూత కాదు."

"మరి ఎవరిదయ్యా? ఊళ్ళో ఇంకో కూతెక్కడుంది?" అంది గ్లెనిస్.

"కూత మనదే. గొంతు మనది కాదు. నువ్వను చూద్దాం."

గ్లెనిస్ నోరు సున్నా చుట్టి 'ఊ' అంది. కెల్ కూడా 'ఊ' అన్నాడు. ఇద్దరి స్వరం ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. ఉండదు మరి. పుట్టినప్పటి నుంచి ఆ కూతతో లేచి, ఆ కూతతో తిని, ఆ కూతతో పడుకున్నవాళ్ళు. డాలస్ ఆ రోజుల్లో గిటారు లావు తీగని శ్రుతి చేసుకున్నది కూడా ఆ కూతకే. వర్క్స్‌వాళ్ళు దాన్ని ఆపేసి చాలా ఏళ్ళయినా, ఊళ్ళో ముసలివాళ్ళకి ఆ వేళకి ఇప్పటికీ ఆకలేస్తుంది. రికార్డులోని కూత మాత్రం వీళ్ళిద్దరి గొంతు కంటే బాగా కిందుంది, జలుబు చేసినట్టు.

ఎఫీ చేతిలో కేకు చేతిలోనే ఉండిపోయింది. "కెల్ గారూ, కూత కిందికి జారిందంటే పాటా జారినట్టే. టేపు నుంచి రికార్డుకి ఎక్కించేటప్పుడు అక్కడి మెషీన్ నెమ్మదిగా తిరిగి ఉంటుంది. మీరు వాయించిన వేగం ఇది కాదేమో!"

ఆమె ప్లేయరుకి పక్కన చిన్న మీట ఉంది. పైకి తోస్తే వేగం పెరుగుతుంది. కూత ఉన్నచోట సూది పెట్టి, కెల్ ఆ మీటని కొద్దికొద్దిగా తోశాడు. ఒకచోట వేళ్ళు వాటంతటవే ఆగాయి. ఎఫీ అక్కడ గుర్తుగా చిన్న అంటు కాగితం ముక్క అంటించింది.

"ఇప్పుడు పాట వేద్దామా?" అంది ఉత్సాహంగా.

"వద్దు." కెల్ మీట మీంచి చెయ్యి తీసేశాడు. "అంతా సరిచేశాక కూడా పాట ఈడుస్తూనే ఉంటే? అప్పుడు నేను నిజంగా నత్తనేగా. ఒకవేళ బాగుంటే, నా అంతట నేను చెప్పుకుంటే నమ్మేదెవరు? ఏదైనా సరే, డాలస్ ముందరే తేలాలి."

గ్లెనిస్ అప్పటికే కారు తాళాలు తీసుకుంది.

డాలస్ పెరట్లో ఉన్నాడు. వెస్నా పెట్టిన ఎర్రమిరప మొక్కలకి గొట్టంతో నీళ్ళు పడుతున్నాడు. ఆవిడ పోయాక కూడా ఏటా విత్తనం తీసి మళ్ళీ వేస్తాడు. ఎఫీ సంచీ చూడగానే సంగతి అర్థమైంది.

"ఫోన్లో చెప్తే చాలదా అమ్మాయ్? వీణ్ణి వెంటేసుకొచ్చావా? ఏరా నత్తా, ఎన్ని రోజులు పట్టింది ఇక్కడికి రావడానికి?"

"గ్లెనిస్ తోలింది, అందుకే ఇవాళే చేరాను," అన్నాడు కెల్. జోకుకి జోకు ఇవ్వకపోతే మాట సాగదు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. కూత, మెషీన్, మీట.

డాలస్ గొంతెత్తి నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నారంట! నలభై ఏళ్ళు ఆలోచించి ఇదిరా నువ్వు కనిపెట్టింది? మెషీన్ తప్పంట! ఆ మీటని నీ ఇష్టమొచ్చినంత తోస్తే తాబేలు కూడా గుర్రమవుతుంది."

"ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడవుతుంది డాలస్," అంది గ్లెనిస్. "ఆయన తోసింది నమ్మొద్దు. నువ్వే తోయించు. గోడకేసి తిరిగి నిలబడు. ఈ పిల్ల మీట జరుపుతుంది. కూత మన కూతయినచోట ఆపమని చెప్పు. నీ చెవి మీద నీకు నమ్మకముందా లేదా?"

"నా చెవికేం, గుండ్రాయిలా ఉంది."

"మరింకేం? భయమా?"

ఆ మాట పడ్డాక ఆ ఊరి మగాడెవడూ వెనక్కి పోడు. డాలస్ గొంగళిలాంటి చొక్కాకి చేతులు తుడుచుకుని వంటింట్లోకి నడిచాడు. ఫ్రిజ్ వైపు ముఖం పెట్టి, బల్లకి వీపు పెట్టి నిలబడ్డాడు. కెల్ తన ఊపిరి చప్పుడు కూడా వినపడకూడదని గుమ్మం బయటే ఆగిపోయాడు. ఎఫీ మీటని అట్టడుగుకి లాగేసి, కూత దగ్గర సూది పెట్టింది.

"ఛీ, ఇది ఈనలేని ఆవు," అన్నాడు డాలస్.

ఆమె మళ్ళీ మళ్ళీ సూది వెనక్కి పెడుతూ మీటని జరుపుతోంది.

"ఇంకా... ఇంకా రావాలి... కొంచెం... ఆగు! అదీ. అదీ మన కూత."

ఎఫీ కావాలని దాటించింది. "పోయింది, వెనక్కి తే," అన్నాడు. తెచ్చింది. "అక్కడ. కదపకు."

మీట సరిగ్గా ఆ కాగితం ముక్క మీద ఉంది. గ్లెనిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటి, ఎవరూ మాట్లాడరేం?"

"ఇటు తిరక్కురా," అన్నాడు కెల్ గుమ్మంలోంచి. "అలాగే ఉండు. అమ్మా, మొదట్నుంచి వెయ్యి."

నాలుగు దెబ్బలు పడ్డాయి. అంతే, ఇల్లు కదిలింది. గిటారు మెరుస్తూ దూకింది, దాని వెనక బేస్, వాటన్నిటినీ వెనక నుంచి తరుముతూ డ్రమ్స్. తడబాటు లేదు, ఈడ్పు లేదు. చెమట పట్టిన చేతులే, కానీ భయంతో కాదు, సంతోషంతో పట్టిన చెమట అది. పందొమ్మిదేళ్ళ కెల్ టియర్నీ షిఫ్టు బస్సు వెంట పరిగెత్తుతున్నాడు, అందుకుంటున్నాడు కూడా. గుమ్మంలో నిలబడ్డ ముసలి కెల్ వేళ్ళు తలుపుచెక్క మీద తమంతట తామే ఆడాయి. నేను కాదు, నేను పాడుచెయ్యలేదు అనుకున్నాడు. ఇప్పుడు డాలస్ ఏమంటాడా అని అతని వీపు వంకే చూస్తున్నాడు.

అంతలో పల్లవి వచ్చింది. వెస్నా ఎత్తుకుంది.

ఈ సంగతి ఎవరూ ఆలోచించలేదు. కెల్ తన చేతుల గురించే ఆలోచించాడు, ఎఫీ పాట గురించే ఆలోచించింది. పాత రికార్డులో వెస్నా గొంతు బరువుగా, ఎవరో గుర్తు తెలియని మనిషిదిలా ఉండేది. మెషీన్ సరైన వేగం అందుకోగానే అందులోంచి వెస్నా బయటికొచ్చింది. చివరి అక్షరం దగ్గర నవ్వు ఆపుకోలేక కొంచెం పైకి జారే ఆ గొంతు, చేపలబజార్లో బేరమాడిన గొంతు, కెల్ పెద్దకూతురికి మాసిడోనియా జోలపాట పాడిన గొంతు. ఎంతో కాలం తర్వాత సొంత వంటింట్లో నిలబడి పాడుతున్నట్టుగా ఉంది.

డాలస్ అరచెయ్యి ఫ్రిజ్ తలుపు మీద ఆన్చాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. పాట అయిపోయింది, కూత కూసింది, సూది చివర గాడిలో చిర్రు చిర్రుమంటోంది. అతను తిరగలేదు.

"మా దగ్గర వెస్నా గొంతు లేదు," అన్నాడు. "ఫొటోలున్నాయి. పెళ్ళి వీడియోలో బ్యాండుమేళం గోలే తప్ప ఏం వినపడదు. ఈ రికార్డొక్కటే ఉండేది. అది తనలా లేదని చెప్పి నేనే సముద్రంలో పడేశాను."

కెల్ లోపలికొచ్చి అతని పక్కన నిలబడ్డాడు. నలభై ఏళ్ళుగా ఏ మాట కోసం కాచుకున్నాడో ఆ మాట ఇప్పుడు అడగాలనిపించలేదు. ఆ కూత తీసెయ్యొద్దని వెస్నా ఆనాడు మొండికేసింది కాబట్టే ఈ రోజు తనకి పరువు దక్కింది, డాలస్‌కి వెస్నా దక్కింది. డాప్టో కొట్లో ఈ రికార్డుని చెత్తబుట్టలో వెయ్యకుండా అరలో పెట్టిన ఆ మహానుభావుడెవరో, వాడికి కూడా లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాడు. ఎఫీ వైపు తిరిగి, "థాంక్స్ నువ్వు చెప్పావు గానీ తల్లీ, చెప్పాల్సింది మేము," అన్నాడు. ఆమె ముక్కు ఎగపీల్చుకుంటూ తలూపింది.

డాలస్ జేబులోంచి ఫోన్ తీసి కూతురు మీలాకి కలిపాడు. మీలా డార్విన్‌లో టీచరు. "అమ్మా, ఏం మాట్లాడకు. ఇది విను," అని ఫోన్‌ని ప్లేయరు దగ్గర పెట్టాడు. ఎఫీ మళ్ళీ మొదట్నుంచి వేసింది.

పల్లవి ఇంకా సగం కాకుండానే ఫోన్లోంచి కేక వినిపించింది. "అమ్మ! నాన్నా, అది అమ్మ! ఎప్పుడు పాడింది? ఎక్కడిది నీకు?"

ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో మీలానే మాట్లాడుతోంది. "ఎంత బావుందో! చిన్నపిల్లలా పరిగెడుతోంది నాన్నా! ఇది మీ పాత చెత్త రికార్డు కాదుగా? ఏ బ్యాండు ఇది? ఆ డ్రమ్స్ ఎవరు, అమ్మని అలా ఎగరేసుకుపోతున్నాడు?"

డాలస్ మొదటిసారి ఇటు తిరిగాడు. కళ్ళు తుడుచుకోలేదు. ఫోన్‌ని కెల్ చేతిలో పెట్టి, వేళ్ళు దాని చుట్టూ ముడిచి గట్టిగా నొక్కాడు.

"నువ్వే చెప్పరా," అన్నాడు.

కెల్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నేనేనమ్మా," అన్నాడు. "మీ అమ్మ పాడుతుంటే డ్రమ్స్ వాయించింది నేనే."